మునగలమెరక సరూప పాఠశాల

జిల్లా కేంద్రంలో ప్రభుత్వం వారు ఒక బడి కట్టారు. అది నిజంగానే బాగా కుదిరింది. గదుల్లోకి గాలీ వెలుతురూ వచ్చేవి, వాన మాత్రం వచ్చేది కాదు, బల్లలు ఊగేవి కావు. ఇన్ని మంచి లక్షణాలు ఒక్కచోట కనబడేసరికి శాఖ వారు కొంచెం కంగారుపడి, దానికి ఆదర్శ భవనం అని పేరు పెట్టి, జిల్లాలోని బళ్ళన్నీ దానిలాగే ఉండాలని తీర్మానించారు. అంతవరకూ ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ‘దానిలాగే’ అంటే ఏమిటో తేల్చే బాధ్యతని పథక సంచాలకులు నిరంజనమూర్తి గారికి అప్పగించారు. ఇబ్బంది అక్కడ మొదలైంది.

నిరంజనమూర్తి గారు అప్పుడే ఏదో చల్లని కొండ ఊళ్ళో శిక్షణ ముగించుకుని దిగారు. అక్కడ ఎవరో సరూప పటాల గురించి తెర మీద బొమ్మలు చూపించి మాట్లాడారట. చిన్న త్రిభుజం, పెద్ద త్రిభుజం. రెండింటి కోణాలూ సమానం, భుజాలన్నీ ఒకే నిష్పత్తిలో ఉన్నాయి, కాబట్టి రెండూ సరూపాలు. బళ్ళో పిల్లలకి చెప్పే పాఠమే. చిన్నప్పుడు ఆ పాఠం జరిగిన రోజున ఆయనకి జ్వరం వచ్చి ఉంటుంది. నడివయసులో మొదటిసారి వినేసరికి తలకెక్కింది. తిరిగి వచ్చీ రాగానే ఉత్తర్వు వేశారు.

“ఇందుమూలముగా యావన్మంది ప్రధానోపాధ్యాయులకు తెలియజేయునది ఏమనగా, జిల్లాలోని ప్రతి పాఠశాలా భవనము ఆదర్శ భవనమునకు సరూపముగా ఉండవలెను. సరూప నిష్పత్తి విద్యార్థుల సంఖ్యను బట్టి నిర్ణయించబడును. ఆకారమే ప్రధానము. పరిమాణము అప్రధానము.”

ఈ ఉత్తర్వు మునగలమెరక చేరేసరికి అక్కడి ప్రధానోపాధ్యాయుడు పిల్లి ఏసుపాదం సంతోషించాడు. సంతోషించకేం చేస్తాడు పాపం. మునగలమెరక గోదారి రెండు పాయల మధ్యనున్న లంక ఊరు. బడంటే మూడు పెంకుల గదులు. వాన మొదలైతే మొదటి గది పిల్లలు రెండో గదిలోకి జరిగేవారు, గాలి మళ్ళితే అందరూ కలిసి మూడో గదిలోకి జరిగేవారు. అందువల్ల వానాకాలమంతా ఆ ఊళ్ళో అన్ని తరగతుల వాళ్ళకీ ఒకటే చదువు. కప్పు నేయించండి మహాప్రభో అని ఏసుపాదం ఏటా అడిగేవాడు, నిధులు లేవని శాఖ వారు ఏటా చెప్పేవారు. ఇప్పుడు కప్పు కాదు, ఏకంగా కొత్త బడే వస్తోంది. ఆ రోజు ఆయన ఇంటికి వెళ్తూ దారిలో కనబడ్డ వాళ్ళందరికీ ఆ మాట చెప్పాడు.

తర్వాత ఇంజనీరు చంటిబాబు నక్షా పట్టుకుని పడవ దిగాడు. కుర్రవాడు, మంచివాడు, చెప్పింది గీసి గీసింది కట్టించే రకం. ఆదర్శ భవనంలో నూట అరవై మంది పిల్లలున్నారనీ, మునగలమెరకలో ఎనభై మందేననీ, కాబట్టి నిష్పత్తి సగమనీ వివరించాడు. నక్షా విప్పి నేల మీద పరిచాడు.

ఏసుపాదం కళ్ళజోడు సర్దుకుని చూశాడు. గదుల పొడవు సగం, వెడల్పు సగం. అవి సరే. తర్వాత ఆయన వేలు గుమ్మం దగ్గర ఆగిపోయింది.

“ఇదేంటి బాబూ, గుమ్మం మూడున్నర అడుగులని రాశారు?”

“అక్కడ ఏడండి. సగమైతే మూడున్నరే కదండి మేస్టారూ.”

“మనిషి ఎలా వెళ్తాడు లోపలికి?”

“అది మా సెక్షన్ కాదండి,” అన్నాడు చంటిబాబు, నిజంగానే బాధపడుతూ.

మర్నాడే ఏసుపాదం జిల్లా కేంద్రానికి వెళ్ళాడు. నిరంజనమూర్తి గారి గది గుమ్మం ఎనిమిదడుగులు ఉంటుంది. దాని కింద నుంచి వెళ్తూ ఆయన ఒకసారి తలెత్తి చూసుకున్నాడు. ఇరవై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి కాబట్టి లెక్కతోనే నచ్చచెప్పవచ్చని అనుకున్నాడు. భుజం సగమైతే వైశాల్యం సగం కాదనీ, పావు అవుతుందనీ కాగితం మీద గీసి చూపించాడు. పిల్లలు సగం మంది ఉంటే వాళ్ళకి దొరికే చోటు పావు, గాలి అయితే ఎనిమిదో వంతు. అంటే ఒక్కో బిడ్డకి అక్కడి బిడ్డతో పోలిస్తే సగం చోటు, పావు గాలి. ఇలాగైతే ఊపిరాడదని విన్నవించుకున్నాడు.

నిరంజనమూర్తి గారు ఓపిగ్గా విన్నారు. ఆయనకి కోపం రాదు, జాలి వస్తుంది.

“ఏసుపాదం గారూ, మీలో పరిమాణవాదం బాగా పేరుకుపోయింది. ఇది మీ తప్పు కాదు, పాత బోధనా పద్ధతుల తప్పు. పెద్ద త్రిభుజానికి కోణాలెన్ని?”

“మూడండి.”

“చిన్న త్రిభుజానికి?”

“మూడేనండి.”

“మరి చిన్నదానికి ఏం తక్కువైంది?”

జవాబు లేకపోవడం ఏసుపాదానికి కొత్త కాదు గానీ, లెక్కల్లో జవాబు లేకపోవడం కొత్త. ఒళ్ళు మండింది. ఆ మంటలో, జన్మలో ఎన్నడూ చేయని పని చేశాడు, పై అధికారి ముందు ఎకసెక్కమాడాడు. భవనం ఒక్కటీ సగమైతే సరూపం ఎలా అవుతుంది సార్, లోపలున్న బల్లలూ, బోర్డూ, వంటగిన్నెలూ, పిల్లల చేతిలో స్కేళ్ళూ, పెట్టే గుడ్డూ, అన్నీ సగం కావద్దా అన్నాడు.

నిరంజనమూర్తి గారు లేచి నిలబడ్డారు. టేబుల్ చుట్టూ తిరిగి వచ్చి ఏసుపాదం చేయి పట్టుకున్నారు. క్షేత్రస్థాయి నుంచి ఇంత లోతైన సూచన రావడం తన సర్వీసులో ఇదే మొదలని చెప్పి, స్టెనోని పిలిచారు. ఏసుపాదం తన నోటిని తానే తిట్టుకుంటూ సాయంత్రం పడవలో ఇల్లు చేరాడు.

అనుబంధ ఉత్తర్వు వారం తిరక్కుండా వచ్చింది. బల్లలు సగం ఎత్తువి వచ్చాయి. వాటి మీద కూర్చుంటే పిల్లల మోకాళ్ళు చెవులకి తగిలేవి. నల్లబోర్డు సగమైంది, దాని మీద పదమూడో ఎక్కం ఆరు దగ్గరే ఆగిపోయేది. సుద్దముక్కలు ఎంత చిన్నవంటే రాసేది సుద్దో వేలి గోరో తెలిసేది కాదు. గుడ్డు దగ్గర మాత్రం శాఖలో పెద్ద చర్చ జరిగిందట. గుడ్డుని సగానికి కోసి పెడదామని ఎవరో సూచిస్తే నిరంజనమూర్తి గారు తీవ్రంగా ఖండించారు. “అర్ధ గుడ్డు గుడ్డునకు సరూపము కానేరదు,” అని ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. కాబట్టి కోడిగుడ్డుకి బదులు కౌజుపిట్ట గుడ్డు మంజూరైంది.

బడిలో వంట చేసే వీరలక్ష్మికి కొత్త గుండిగ ఇచ్చారు. ఎత్తు సగం, మూతి సగం. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బియ్యం పోసి చూసి, తిన్నగా ఏసుపాదం దగ్గరికి వచ్చింది.

“ఏటండి మేస్టారండి ఇది? పాత గుండిగలో ఒక్క వాయి వండితే అందరికీ సరిపోయేది. దీంట్లో వండితే పది మంది తింటారంతే. మిగిలినోళ్ళకి నా సీర కొంగు పెట్టమంటారా?”

ఎనిమిది వాయిలు వండాలని ఏసుపాదం చెప్పాడు. లెక్క ప్రకారం సరిగ్గా ఎనిమిదే. లెక్క ఇంత కచ్చితంగా సరిపోవడం ఆయనకి బాధ కలిగించిన సందర్భం అదొక్కటే. మొదటి వాయి తిన్న పిల్లలకి ఎనిమిదో వాయి దించేసరికి మళ్ళీ ఆకలేసేది.

ఈలోగా పాత బడి పక్కనే కొత్త బడి లేచింది. చంటిబాబు ఎక్కడా పిసరు తేడా రాకుండా కట్టించాడు. ఆదర్శ భవనానికి ఉన్నవన్నీ దానికీ ఉన్నాయి. వరండా, స్తంభాలు, మెట్లు, కిటికీ చువ్వలు, పైన పిట్టగోడ, అన్నీ ముద్దుగా సగం. పాయ అవతలి నుంచి చూసేవాళ్ళకి అది దూరంగా ఉన్న పెద్ద బడిలా కనబడేది. దగ్గరికి వచ్చిన కొద్దీ పెద్దదవ్వాల్సింది పెద్దదయ్యేది కాదు. ఎవరో కోళ్ళ షెడ్డు అనుకుని అద్దెకిస్తారా అని అడిగి వెళ్ళారు. అప్పగింతకి ముందే అలవాటు కోసం అందులో కూర్చోబెడితే, పిల్లలకి మొదటి రోజు మహా సరదాగా ఉంది. రెండో రోజు అయిదో తరగతి పల్లవి గుమ్మానికి తల కొట్టుకుని నుదురు చీరుకుంది. ఆ పిల్ల వయసుకి మించి పొడుగు. శాఖ దృష్టిలో అది ఆ పిల్ల లోపం.

కొంతమంది తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించి అవతలి ఒడ్డున కాన్వెంటులో వేసే ఆలోచన చేశారు. ఆ సంగతి తెలిసి చంటిబాబు పరిగెత్తుకొచ్చాడు. అలా మాన్పిస్తే సంఖ్య తగ్గుతుందనీ, సంఖ్య తగ్గితే నిష్పత్తి తగ్గుతుందనీ, అప్పుడు ఇది పడగొట్టి ఇంకా చిన్నది కట్టాల్సి వస్తుందనీ, అందులోంచి ఇంకొందరు వెళ్ళిపోతే మరీ చిన్నదనీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. చివరికి అగ్గిపెట్టెంత బడి కట్టించి దాని మీద తన సంతకం పెట్టాల్సి వస్తుందేమోనని అతని భయం. ఏసుపాదం ఇంటింటికీ వెళ్ళి బతిమాలి పిల్లల్ని నిలబెట్టుకున్నాడు.

అసలు కష్టం అప్పగింత దగ్గర వచ్చింది. కొత్త భవనం సరూపమేనని ప్రధానోపాధ్యాయుడు సంతకం పెట్టాలి. పెట్టిన మర్నాడు పాత బడిని పడగొడతారు. పెట్టకపోతే ‘సరూపతకు అనర్హమైన పాఠశాల’ అని నిర్ణయించి పాయ అవతలి ఊరి బడిలో కలిపేస్తారు. అంటే అయిదారేళ్ళ పసివాళ్ళు కూడా రోజూ పడవెక్కి పాయ దాటాలి. వరదకి ఎర్రనీళ్ళు వచ్చే రోజుల్లో ఆ పాయ దాటడానికి పెద్దవాళ్ళే దేవుణ్ణి తలుచుకుంటారు. ఏసుపాదానికి ఆ వారమంతా అన్నం సయించలేదు. సంతకం పెడితే పిల్లలు వంగి బతకాలి, పెట్టకపోతే నీళ్ళలో బతకాలి. ఈ రెండింటికీ నిష్పత్తి కట్టడం ఆయనకి చేత కాలేదు.

అప్పగింతకి నిరంజనమూర్తి గారు స్వయంగా వచ్చారు. కొత్త టేపు కూడా తెచ్చారు. టేపు గురించి ఆయనే వివరించారు. పిల్లల స్కేళ్ళు సగం అయినప్పుడు వాటి మీది గీతల మధ్య దూరం కూడా సగానికి తగ్గింది కదా, అదే న్యాయం టేపుకీ వర్తించాలని ఆయనకి ఒక ఉదయం స్నానం చేస్తుండగా తోచిందట. ఆ ప్రకారం సరూప టేపు తయారైంది. దాని మీద అడుగని రాసి ఉన్న చోట అరడుగే ఉంటుంది. చంటిబాబు ఆ టేపుతో గుమ్మం కొలిచి, పైకి చదివాడు.

“ఏడడుగులండి.”

“చూశారా? కొలతలో చూస్తే ఇది సరూపం మాత్రమే కాదు, సర్వసమానం. ఆదర్శ భవనానికీ దీనికీ వెంట్రుక వాసి తేడా లేదు,” అన్నారు నిరంజనమూర్తి గారు.

తర్వాత ఆ ఏడడుగుల గుమ్మంలోంచి ఆయన నాలుగు కాళ్ళ మీద లోపలికి వెళ్ళారు. లోపల నిలబడబోయి కప్పు తగిలి, అక్కణ్ణుంచే మాట్లాడారు. విద్యాలయంలోకి ఎవరైనా తల వంచే రావాలని, ఈ వినయం ఆదర్శ భవనంలో కూడా లేదని మెచ్చుకున్నారు. బయటికి రావడానికి మాత్రం చంటిబాబు రెండు చేతులూ పట్టి లాగాల్సి వచ్చింది. ఊరి జనం గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆయన దాన్ని అభినందన అనుకున్నారు.

ఏసుపాదం సంతకం పెట్టలేదు. పెట్టే ముందు ఒక్క సందేహం తీర్చమని చేతులు కట్టుకుని అడిగాడు. పిల్లల సంఖ్యని బట్టి బడి అయినప్పుడు, సిబ్బంది సంఖ్యని బట్టి ఆఫీసు కూడానా అని. సంచాలకుల వారి కార్యాలయంలో ఎనిమిది మందే ఉంటారు. ఆదర్శ భవనంతో పోలిస్తే ఇరవయ్యో వంతు. అప్పుడు వారి గది గుమ్మం నాలుగంగుళాలకి కాస్త పైన వస్తుంది.

నిరంజనమూర్తి గారు టేపు చుట్టించుకుని పడవ ఎక్కారు. ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదని తర్వాత స్టెనో చెప్పాడు. మర్నాటికల్లా సవరణ వచ్చింది.

“కార్యాలయములు ప్రజాసేవకు సంబంధించినవి గనుక అవి ఎల్లవేళలా ప్రధాన కార్యాలయమునకు సర్వసమానముగా ఉండవలెను. కప్పు, పంకాలు, తాగునీరు, గుమ్మము ఇత్యాదులలో ఎట్టి తగ్గింపు సహించబడదు. సరూపత పాఠశాలలకు మాత్రమే.”

ఏసుపాదం ఆ సవరణని మూడుసార్లు చదివాడు. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఏడుపు వచ్చింది. ఇన్నేళ్ళు కప్పు నేయించమంటే నిధులు లేవన్న నోళ్ళు, ఆఫీసుకైతే తగ్గింపు సహించేది లేదంటున్నాయి. మూడోసారి చదివేసరికి ‘కప్పు, పంకాలు’ అన్న చోట ఆయన వేలు ఆగింది. పాత బడి వైపు చూశాడు. చంటిబాబుకి కబురు పెట్టాడు. ఇద్దరూ వరండాలో కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో చంటిబాబు రెండుసార్లు వద్దండి మేస్టారూ అని లేచి, రెండుసార్లూ మళ్ళీ కూర్చున్నాడు.

ఆ తర్వాత మునగలమెరక నుంచి సంచాలకుల వారికి ఒక వినమ్ర ప్రతిపాదన వెళ్ళింది. సరూపత ఒకసారి సాధించి వదిలేసేది కాదు, ఎండకి వ్యాకోచించి వానకి తరుగుతుంటుంది, కాబట్టి సరూప టేపుతో దాన్ని రోజూ కొలిచే నిమిత్తం పాఠశాల పక్కనే ఒక సరూపతా పర్యవేక్షణ ఉపకార్యాలయం అవసరం. అదృష్టవశాత్తూ పక్కనే ఒక పాత కట్టడం ఖాళీ అవబోతోంది. అదనపు జీతం లేకుండా ఆ బాధ్యత నిర్వహించడానికి ప్రధానోపాధ్యాయుడు సిద్ధంగా ఉన్నాడు. కొత్త భవనం సరూపమేనన్న సంతకం కూడా జతపరచడమైనది.

నిరంజనమూర్తి గారు మురిసిపోయారు. జిల్లాలో మొట్టమొదటి ఉపకార్యాలయం తన హయాంలో వస్తోంది. పడగొట్టే ఉత్తర్వు రద్దయింది. వానలు పడకముందే పాత కప్పు దించి కొత్త పెంకు నేశారు. మూడు గదుల్లోనూ పంకాలు తిరిగాయి. మంచినీళ్ళ యంత్రం వచ్చింది. పాత పెంకుల గదులు ప్రధాన కార్యాలయానికి సర్వసమానమని చంటిబాబు కళ్ళు మూసుకుని రాసిచ్చాడు. ఆఫీసు సిబ్బందికి వండిపెట్టడానికంటూ వీరలక్ష్మి తన పాత గుండిగని మళ్ళీ పొయ్యి మీదికి ఎక్కించింది. గుమ్మం పైన ఉపకార్యాలయం అని బోర్డు పెట్టారు. దాని కిందనుంచి పల్లవి తల ఎత్తుకుని నడిచి వెళ్ళి తన చోట కూర్చుంది.

తనిఖీ ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదని ఏసుపాదానికి తెలుసు. వచ్చింది. నిరంజనమూర్తి గారు చెప్పాపెట్టకుండా పడవ దిగి, ముందు కొత్త బడి దగ్గరికి వెళ్ళి గుమ్మం కొలిపించారు. ఏడడుగులే. కిందటిసారి మోకాళ్ళు గుర్తున్నాయో ఏమో, లోపలికి మాత్రం వెళ్ళలేదు. అక్కణ్ణుంచి కాసేపు పంకా కింద కూర్చుందామని ఉపకార్యాలయంలోకి నడిచారు.

లోపల ఎనభై మంది పిల్లలు. మూడు గదుల్లోనూ నేల మీద వరసగా, ఒళ్ళో పుస్తకాలతో. అంతా ఆయన్ని చూసి నోళ్ళు మూసేశారు. ఏసుపాదం చేతిలో సుద్దముక్క ఉంది. దాన్ని మెల్లిగా జేబులో వేసుకున్నాడు. ఉద్యోగం పోతే పోయింది, ఈ పసివాళ్ళ నెత్తి మీది కప్పు పోకుండా ఉంటే చాలని మనసులో ప్రార్థించుకున్నాడు.

“ఎవరు వీళ్ళంతా?” అన్నారు నిరంజనమూర్తి గారు.

“అర్జీదారులండి.”

“ఎప్పుడొచ్చారు?”

“పొద్దున్నే వచ్చారండి. సాయంత్రం దాకా ఇలాగే కూర్చుంటారండి. మళ్ళీ రేపొస్తారండి.”

నిరంజనమూర్తి గారు తల పంకించారు. ప్రభుత్వ కార్యాలయంలో జనం పొద్దున్న వచ్చి, సాయంత్రం దాకా నేల మీద కూర్చుని, మర్నాడు మళ్ళీ రావడం ఆయన సర్వీసు పొడుగునా చూస్తూనే ఉన్నారు. ఇందులో ఆయనకి వింత ఏమీ కనబడలేదు. పిల్లల వయసు కూడా కనబడలేదు. అర్జీదారుల మొహాలు చూసే అలవాటు ఆయనకి లేదు.

“ఏమిటి వీళ్ళ అర్జీ?”

ఏసుపాదం పిల్లల వైపు చూశాడు. ఈ ఒక్క మాట మాత్రం అబద్ధం చెప్పక్కర్లేదు.

“బడి కావాలనండి.”

“పరిశీలనలో ఉందని చెప్పండి,” అని నిరంజనమూర్తి గారు పంకా కింద కుర్చీ వేయించుకుని, కొబ్బరిబొండం తాగి, సందర్శకుల పుస్తకంలో ఉపకార్యాలయం పనితీరు సంతృప్తికరమని రాసి, పడవెక్కి వెళ్ళిపోయారు.

పడవ పాయ మధ్యకి చేరేదాకా ఏసుపాదం గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత లోపలికి తిరిగాడు.

“పరిశీలనలో ఉందంటర్రా,” అన్నాడు. “పలకలు తియ్యండి.”